పూర్వపక్షం, సిద్ధాంతం: మౌఖిక పరీక్ష చరిత్ర

సిద్ధాంతవ్యాసం సమర్పించిన పరిశోధక విద్యార్థి ప్రతి ఏటా ఎవరో ఒకరు నా గదికి వచ్చి ఒకే ప్రశ్న వేస్తారు: “వైవాకు ఏం చదువుకోవాలండీ?” నాలుగైదేళ్లు ఊళ్లు తిరిగి, మూడు వందల పుటలు రాసి, అచ్చుతప్పులు దిద్ది, అట్టలు కట్టించి ఇచ్చినవారికి కూడా ఆ చివరి రెండు గంటలు గండంగానే కనిపిస్తాయి. కొందరు తమ వ్యాసాన్ని పాఠంలా కంఠస్థం చేయడం మొదలుపెడతారు. కొందరు పరీక్షకుల పుస్తకాలన్నీ తెచ్చుకుని చదువుతారు. రెండూ మంచివే. అయితే ఆ గదిలో జరిగేది ఏమిటో, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఈ భయంలో సగం పోతుందని నా అనుభవం. అందుకే ఆ ప్రశ్నకు జవాబుగా నేను మౌఖిక పరీక్ష చరిత్ర చెబుతూ ఉంటాను. ఆ మాటలే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన మాటలోనే ఉన్న సూచన

ఇంగ్లీషులో ‘థీసిస్’ అనేదాన్ని మనం ‘సిద్ధాంతవ్యాసం’ అన్నాం. ఈ పేరు పెట్టినవారు ఎంత ఆలోచించి పెట్టారో గాని, పరీక్షకు తయారయ్యే పద్ధతి అంతా ఆ పేరులోనే ఉంది. మన శాస్త్ర సంప్రదాయంలో ‘సిద్ధాంతం’ ఒంటరిగా నిలబడే మాట కాదు. దానికి ముందు ‘పూర్వపక్షం’ ఉండి తీరాలి. మీమాంసకులు ఒక్కొక్క చర్చను ‘అధికరణం’ అన్నారు. దానికి అయిదు అంగాలు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. అంటే ముందుగా ఒక విషయం ఉండాలి. దాని మీద నిజమైన సందేహం పుట్టాలి. ఎదుటివాడి వాదాన్ని బలంగా చెప్పాలి. ఆ తర్వాతనే మన నిర్ణయం. చివరకు ఆ నిర్ణయం మిగిలిన శాస్త్రంతో ఎలా పొసగుతుందో చూపాలి.

పాతకాలపు భాష్యకారులను చదివినవారికి ఒక సంగతి తెలుసు. వారి గ్రంథాల్లో పూర్వపక్షం ఒక్కొక్కసారి సిద్ధాంతం కంటే పెద్దదిగా, దానికంటే అందంగా ఉంటుంది. చదువుతూ చదువుతూ గ్రంథకర్త అభిప్రాయం ఇదేనేమో అని మనం మోసపోతాం కూడా. ఎదుటివాడి పక్షాన్ని వాడికంటే బాగా చెప్పగలిగినవాడికే దాన్ని ఖండించే అర్హత ఉందన్నది వారి నియమం.

న్యాయసూత్రాలు ఇంకా వివరంగా పోయాయి. గౌతముడు చర్చను మూడు విధాలుగా విభజించాడు. నిజం తెలుసుకోవడానికి ప్రమాణాలతో, తర్కంతో చేసేది వాదం. గెలుపు కోసం ఛలాలతో సహా ఏ ఉపాయమైనా వాడేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మనం వాడుకలో ‘వితండవాదం’ అని రెండింటినీ కలిపేశాం కాని, శాస్త్రంలో అవి వేరువేరు.

చర్చలో ఓటమి కిందికి వచ్చే సందర్భాలను ‘నిగ్రహస్థానాలు’ అన్నారు. అవి 22. వాటిలో కొన్నింటిని చూస్తే నేటి మౌఖిక పరీక్షలో వెనక బెంచీలో కూర్చుని ఎవరో రాసుకున్న జాబితాలా ఉంటుంది. జవాబు తోచక నిలబడిపోవడం ‘అప్రతిభ’. అడిగినదాన్ని వదిలి వేరే సంగతి చెప్పడం ‘అర్థాంతరం’. తన ప్రతిపాదన దెబ్బతినగానే దాన్ని చడీచప్పుడూ లేకుండా మార్చుకోవడం ‘ప్రతిజ్ఞాంతరం’. తన తప్పుకు జవాబు చెప్పకుండా “మీలోనూ అదే తప్పు ఉంది కదా” అనడం ‘మతానుజ్ఞ’. పని ఉందని చెప్పి చర్చ మధ్యలో తప్పుకోవడం ‘విక్షేపం’. నాకు అన్నిటికంటే నచ్చేది ‘అననుభాషణం’. ఎదుటివాడు తన వాక్యాన్ని మూడుసార్లు చెప్పినా, సభకు అర్థమైనా, దాన్ని తిరిగి చెప్పలేకపోవడం. జవాబు చెప్పడానికి ముందు ప్రశ్నను నీ మాటల్లో అప్పజెప్పు అని దీని అంతరార్థం. విద్యార్థులకు నేను చెప్పే మొదటి సలహా ఇదే.

గెలుపు ఓటములుగా సాగిన సభలు మనకు లేకపోలేదు. ప్రౌఢదేవరాయల కాలంలో, 15వ శతాబ్దిలో, శ్రీనాథుడు విజయనగరం వెళ్లి గౌడడిండిమభట్టును ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం పొందాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. నేటి కర్ణాటకలోని హంపీ శిథిలాల మధ్య నడిచే తెలుగు విద్యార్థికి ఆ కథ గుర్తొస్తే ఒళ్లు పులకరించడం సహజం. కాని మౌఖిక పరీక్ష గదిలోకి ఆ కథను తీసుకుపోకూడదు. అక్కడ పగలవలసిన ఢక్క ఎవరిదీ లేదు.

పాశ్చాత్య దేశాల్లో

‘వైవా వోచే’ లాటిన్ మాట. ‘జీవించి ఉన్న కంఠంతో’ అని అర్థం. 13వ శతాబ్ది నాటికి పారిస్ వంటి విశ్వవిద్యాలయాల్లో చర్చాసభ చదువులో ముఖ్యభాగం. ఒకరు ప్రతిపాదనను నిలబెట్టాలి, మరొకరు ఆక్షేపించాలి, చివరకు ఆచార్యుడు నిర్ణయం చెప్పాలి. పట్టా అంటే బోధించడానికి అనుమతి. నలుగురిలో నిలబడి ఆక్షేపణకు జవాబు చెప్పగలిగినవాడికే ఆ అనుమతి దొరికేది.

ఇక్కడ చాలామందికి తెలియని విశేషం ఒకటి ఉంది. 18వ శతాబ్ది వరకు జర్మనీ, స్వీడన్ దేశాల్లో వ్యాసం రాసేది తరచుగా అధ్యక్షత వహించే ఆచార్యుడే. విద్యార్థి పని దాన్ని సభలో సమర్థించడం. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ అధ్యక్షతన ఉప్సాలాలో 186 వ్యాసాలు ఇలా సభకు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆయన ఆలోచనలే, ఆయన మాటలే. అంటే పట్టాకు కొలమానం రాత కాదు, నోటిమాట. 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత బలపడిన కొత్త పద్ధతిలో విద్యార్థి స్వయంగా కొత్త విషయం కనిపెట్టి రాయాలన్న నియమం ముందుకు వచ్చింది. ఆ నమూనా 1861లో అమెరికాలోని యేల్‌కు, 1917లో ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది.

మా భాషాశాస్త్రం వారికి ప్రీతిపాత్రమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆధునిక భాషాశాస్త్రానికి ఆద్యుడైన సొస్యూర్ 1880లో లైప్‌జిగ్‌లో డాక్టరేట్ పొందింది సంస్కృతంలోని ఒక్క విభక్తి ప్రయోగం మీద. “ఏడుస్తున్నవాణ్ణి పట్టించుకోకుండా వెళ్లిపోయాడు” అనే అర్థంలో వచ్చే షష్ఠి అది. పాణిని దాన్ని అనాదరార్థంలో విధించాడు. విషయం ఎంత చిన్నదో చూడండి. చిన్న విషయాన్ని పూర్తిగా చూసినవాడికి ఆ విషయంలో ఎటునుంచి ప్రశ్న వచ్చినా భయం ఉండదు.

మన విశ్వవిద్యాలయాలు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు అవి లండన్ నమూనాలో పరీక్షలు జరిపే సంస్థలు మాత్రమే. 1904 చట్టం తర్వాతనే బోధన, పరిశోధన వాటి పనుల్లో చేరాయి. తెలుగుకు సంబంధించి పరిశోధనపట్టాల ఉధృతి స్వాతంత్ర్యం తర్వాతిది. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధించి పట్టా పొందారు. ఆ గ్రంథం 1958లో వెలువడింది. పొలంలో, తిరగలి దగ్గర పాడే పాట పరిశోధనకు ఆధారంగా నిలబడుతుందని అది రుజువు చేసింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తెలుగు ధాతువుల మీద పట్టా పొందారు. 1961లో అది పుస్తకమైంది. తెలుగు ధాతువు రూపం తేల్చడానికి ఆయన తెలుగు ఒక్కదాన్నే చూడలేదు, సోదర భాషలన్నింటినీ పక్కన పెట్టుకుని చూశారు.

నేటి పద్ధతి మీకు తెలిసిందే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పర్యవేక్షకులతోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు వ్యాసాన్ని చదవాలి. వారిలో కనీసం ఒకరు మౌఖిక పరీక్షకు కూర్చోవాలి. అది ఆన్‌లైన్‌లో కూడా జరగవచ్చు. అధ్యాపకులు, పరిశోధకులు, విద్యార్థులు వచ్చి వినవచ్చు. పరీక్షకుల నివేదికల్లోని విమర్శలు చర్చకు ఆధారం కావాలని 2016 నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. ఇంతకంటే స్పష్టమైన పూర్వపక్షం ఏముంటుంది? నివేదిక చేతికి రాగానే అందులోని పొగడ్తను ఒకసారి చదివి పక్కన పెట్టండి. ఆక్షేపణలను మాత్రం మీ చేత్తో తిరగరాయండి. ఒక్కొక్కదాని కింద ఒప్పుకునేది ఎంత, నిలబడేది ఎంత అని రెండు వాక్యాలు రాసుకోండి.

పర్లాకిమిడి పాఠం

పట్టా లేకుండానే జీవితాంతం మౌఖిక పరీక్ష ఇచ్చిన పరిశోధకుడు మనకు ఒకరున్నారు. గిడుగు రామమూర్తిగారు (1863–1940) ఉపాధ్యాయుడిగా పనిచేసిన పర్లాకిమిడి నేడు ఒడిశాలో ఉంది. ఆయన పక్కనే ఉన్న సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. చదువులో వాడుకభాష ఉండాలని వాదించినప్పుడు ఎదుటి పక్షం చిన్నది కాదు. నాటి పండితలోకంలో ఎక్కువ భాగం అటువైపే ఉంది.

ఆయన తయారైన తీరు చూడండి. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం ప్రకటించారు. వ్యావహారికం నిన్న మొన్నటిదని ఆక్షేపిస్తే, పాత వచన గ్రంథాల్లోనుంచి వాడుక ప్రయోగాలు ఏరి ‘గద్యచింతామణి’గా కూర్చారు. గ్రాంథికం నేర్పగలమని పండితులు అంటే, ఆ పండితుల రచనల్లోనే ఆ వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఎత్తి చూపారు. అంటే ఎదుటివారి గ్రంథాలను వారికంటే శ్రద్ధగా చదివారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటే సిద్ధాంతవ్యాసాలను వాడుకభాషలో రాయనిచ్చాయి. మీరు ఇవాళ మీ వ్యాసాన్ని మామూలు తెలుగులో రాయగలుగుతున్నారంటే, ఆ పరీక్ష ఆయన మీ కోసం ముందే ఇచ్చారన్నమాట.

నా సొంత అనుభవం

ఇక నా సంగతి. నా పరిశోధన హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు మీద. అది మా ఇంటి భాష కూడా. మౌఖిక పరీక్ష 1997లో జరిగింది. నా వ్యాసంలో ఒక అధ్యాయం తమిళ ప్రభావం గురించి. మా అమ్మ ‘వచ్చినాడు’ అన్న అర్థం ఒకటైతే, ‘వచ్చి ఇక్కడే ఉన్నాడు’ అన్న అర్థంలో ‘వచ్చిండాడు’ అంటుంది. తమిళంలో ‘వందిరుక్కాన్’ ఉంది. రెండింటి నిర్మాణం ఒకటే. కనుక మా రూపం తమిళం నుంచి వచ్చిందని నాలుగు పుటలు నిబ్బరంగా రాశాను.

పరీక్షకులు పెద్దవారు, మెల్లగా మాట్లాడేవారు. ఆ పుట తీసి అడిగారు: “రాయలసీమ లోపలి ఊళ్లలో, తమిళం చెవిన పడని చోట కూడా ‘వచ్చిండాడు’ అంటారు. అక్కడికి ఏ తమిళం వెళ్లింది?”

నాకు నోట మాట రాలేదు. శాస్త్రం చెప్పిన అప్రతిభ. కాసేపటికి తేరుకుని, “కన్నడంలోనూ ‘బందిద్దానె’ ఉందండీ, అది కూడా కారణం కావచ్చు” అన్నాను. ఆయన నవ్వి, “ఇప్పుడు మీ ప్రతిజ్ఞ మారింది” అన్నారు. అది ప్రతిజ్ఞాంతరం. రెండు నిమిషాల్లో రెండు నిగ్రహస్థానాలు. చివరకు ఉన్న మాట చెప్పాను: “రాయలసీమ సామగ్రి నేను సేకరించలేదండీ. పోల్చకుండా ప్రభావం అన్నాను.” “ఆ వాక్యమే గ్రంథంలో రాయండి” అన్నారు.

ఆ నాలుగు పుటలు తిరగరాశాను. ‘వచ్చి’ అన్న క్త్వార్థకానికి ‘ఉండు’ ధాతువు చేరడం ద్రావిడ భాషలకు ఉమ్మడి సొత్తు. కోస్తావారి ‘వచ్చి ఉన్నాడు’లో ఉన్నది కూడా అదే. మా రూపం దక్షిణపు మాండలికాలన్నింటిలోనూ ఉంది. తమిళ పరిసరం దాన్ని పుట్టించలేదు, నిలబెట్టి ఉండవచ్చు. అంతవరకే చెప్పగలిగాను.

ఇంటికి వెళ్లే బస్సులో ఒక సంగతి తట్టింది. చిన్నప్పటినుంచి బంధువుల ఇళ్లలో, పెళ్లిళ్లలో “మీది అరవ తెలుగు” అనిపించుకుని పెరిగాను. ఆ మాట అబద్ధమని చూపించాలనే ఈ పరిశోధనకు దిగాను. తీరా రాసేటప్పుడు నేనే, ఏ ఆధారమూ లేకుండా, మా అమ్మ మాటను తీసుకెళ్లి తమిళం ఖాతాలో రాశాను. దాన్ని తిరిగి తెలుగు ఖాతాలో వేసింది నేను భయపడిన ఆ ప్రశ్న. ఆ పూర్వపక్షాన్ని నేనే ముందుగా వేసుకుని ఉంటే ఆ పని నా చేతనే అయ్యేది.

మన విద్యార్థులకు

ఈ అనుభవం నా ఒక్కడిది కాదు. తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు మీద పనిచేసే ప్రతివారికీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఇది తెలుగా, పక్కభాష ప్రభావమా, లేక పాత తెలుగు మిగులా? జవాబుకు తయారయ్యే దారి పోలికే. బరంపురం తెలుగులో వింతగా కనబడినదాన్ని ఒడియాకు అంటగట్టే ముందు శ్రీకాకుళం పల్లెల్లో విచారించాలి. షోలాపురం, భివండీ పద్మశాలీల మాటను మరాఠీ అనే ముందు వారి పెద్దలు కదిలివచ్చిన తెలంగాణ ఊళ్ల మాట వినాలి. బళ్లారి, కోలారు మాటకు అనంతపురం, చిత్తూరు తోడు కావాలి. విజయనగర, నాయకరాజుల కాలాల్లో మధుర వైపు వెళ్లి స్థిరపడినవారి మాటకు నాటి శాసనాలూ కావ్యాలూ సాక్ష్యం చెప్పవచ్చు. యానాం వారు ఫ్రెంచి మాటల జాబితా తయారుచేసేటప్పుడు చుట్టూ ఉన్న గోదావరి మాటను మరవకూడదు. పోల్చిన తర్వాత కూడా అరువే అని తేలితే, అరువే అని రాయాలి. అన్నీ మనవే అనుకోవడం కూడా ఆధారం లేని మాటే అవుతుంది.

మీకు ఇంకో బరువు కూడా ఉంది. వ్యాసం తెలుగులో రాసినా, ప్రశ్న ఇంగ్లీషులో రావచ్చు. ఎదురుగా కూర్చున్నవారు తమిళం, కన్నడం తెలిసినవారు కావచ్చు. మీ ముఖ్య ప్రతిపాదనను అయిదు వాక్యాల్లో తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ పైకి చెప్పి చూసుకోండి. మనసులో చదువుకుంటే చాలదు. ఇది జీవించి ఉన్న కంఠానికి పెట్టిన పరీక్ష. ఎంతమందిని, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అడిగారో, ఎవరిని అడగలేకపోయారో నోటికి రావాలి. అచ్చుతప్పుల పట్టిక మీరే తయారుచేసి మీరే ముందుగా అందించండి. అధ్యాయానికి ఒక కాగితం చొప్పున, మీ మీద మీరే రాసుకున్న ఆక్షేపణలు దగ్గర ఉంచుకోండి.

ఆ ఆక్షేపణలు ఎవరి ముందు చదివి చూసుకోవాలో న్యాయసూత్రమే చెప్పింది. శిష్యులు, గురువు, సహాధ్యాయులు, శ్రేయస్సు కోరేవారు, వీరిలో అసూయ లేనివారితో వాదానికి దిగమంది. నలుగురు తోటి పరిశోధకులను ఒక సాయంత్రం కూర్చోబెట్టి, జాలి లేకుండా అడగమనండి. తెలుగు తెలియని ఒకరు అందులో ఉంటే ఇంకా మేలు. మనకు తెలిసిందే కదా అని మనం వదిలేసినదాన్ని వారే అడుగుతారు.

పరీక్ష అయిన తర్వాత మీ వ్యాసం శోధగంగలో చేరుతుంది. ఎక్కడో ఉన్న విద్యార్థి రేపు దాన్ని తెరిచి, మీ ఇంటివారు మాట్లాడే మాట గురించి మీరు ఏం రాశారో చదువుతాడు. ఆ పుటలో తప్పు ఉంటే దిద్దడానికి ఆ గదిలోని రెండు గంటలే చివరి అవకాశం. అందుకని ఈసారి ఎవరైనా వైవాకు ఏం చదువుకోవాలని అడిగితే నేను చెప్పేది ఇదే. మీ గ్రంథం మీకు వచ్చు. దాన్ని ఒప్పుకోనివాడు ఏమంటాడో అది చదువుకోండి.